ఇంటిపేరు మారినా మనిషి దొరకాలి: స్కాట్లండ్ పూర్వీకుల్ని వెతికే పద్ధతి మొదట్నుంచి చివరిదాకా

స్కాటిష్ ఇంటిపేర్లున్న మనవాళ్ళు అనుకున్న దానికంటే ఎక్కువమందే ఉన్నారు. సికింద్రాబాద్, కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల్లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకోడానికి వెళ్ళి అక్కడి వాళ్ళనే పెళ్ళి చేసుకుని సెటిలైన పిల్లలు, "మా అత్తగారి తాతలది స్కాట్లండ్ అంట, ఎక్కడ్నుంచి వెతకాలి" అని అడిగేవాళ్ళు, ఇలా. వీళ్ళలో చాలామంది చేసేది ఒకటే పని, గూగుల్‌లో ఇంటిపేరు కొట్టడం, ఒక క్లాన్ (ఒకే నాయకుడి కింద ఉండే స్కాటిష్ తెగ) బొమ్మ, ఒక గళ్ళ గుడ్డ డిజైను కనిపించగానే ఇదే మన వంశం అని ఫిక్సైపోవడం. అక్కడే దారి తప్పుతుంది. స్కాట్లండ్‌లో ఇంటిపేరంత నమ్మకం లేని ఆధారం ఇంకోటి లేదు, అది తరానికోసారి మారుద్ది, గుమాస్తాకోరకంగా రాయబడుద్ది, ఒక్కోసారి రాజుగారి ఆర్డర్‌తో మాయమైపోద్ది కూడా. అందుకే ఈ మార్గదర్శి మొత్తంలో నేను చెప్పేది ఒకటే, ఇంటిపేరు వెంట పడకండి, ఊరు, తల్లి పుట్టింటి పేరు, చేసిన పని ఈ మూడింటినీ పట్టుకోండి, ఇంటిపేరు దానంతటదే దొరుకుతుంది.

ముందు ఇంట్లో ఉన్నది బయటకి తియ్యండి

వెబ్‌సైట్లు తర్వాత. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి, పాత బైబిల్ ఉంటే మొదటి పేజీలు చూడండి (పుట్టిన తేదీలు అక్కడే రాసుకునేవాళ్ళు), ఉత్తరాలు, మిలిటరీ మెడల్స్, పెళ్ళి సర్టిఫికెట్లు, పాత ఫోటోల వెనకాల స్టూడియో ముద్ర. స్టూడియో ఏ ఊళ్ళో ఉందో చూస్తే చాలాసార్లు కుటుంబం ఎక్కడుండేదో తెలిసిపోద్ది.

ఇంకోటి, మధ్యపేర్లని అస్సలు వదలొద్దు. స్కాట్లండ్‌లో పిల్లలకి అమ్మమ్మదో నాయనమ్మదో పుట్టింటి ఇంటిపేరుని మధ్యపేరుగా పెట్టడం బాగా అలవాటు. మగపిల్లాడి పేరు మధ్యలో ఏదో ఇంటిపేరు లాంటిది కనిపిస్తే, అది ఎవరో ఆడమనిషి పుట్టింటి పేరే అయ్యుండే అవకాశం బలంగా ఉంది. ముందు దాన్ని రాసి పెట్టుకోండి, రెండు తరాల తర్వాత పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో ఎవరో కట్టేసిన వంశవృక్షాలు దొరుకుతాయి, చూడండి, కానీ కాపీ కొట్టకండి. ఒకడు తప్పు చేస్తే రెండొందల మంది దాన్నే దించేసుంటారు, సంఖ్య ఎక్కువుంది కదా అని నిజమైపోదు.

1855 అనే గీత

స్కాట్లండ్‌లో పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వం తరఫున తప్పనిసరిగా నమోదు చెయ్యడం 1855 జనవరి 1న మొదలైంది. ఈ తేదీని గుర్తుపెట్టుకోండి, దీనికి ఇటు వైపు పని తేలిక, అటు వైపు కష్టం.

రికార్డులన్నీ స్కాట్లండ్స్ పీపుల్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి, ఇది నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్ వాళ్ళ అధికారిక సైట్. పేరు కొట్టి వెతకడం ఫ్రీ, అసలు పేజీ ఇమేజ్ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. సర్టిఫికెట్ ఇమేజ్ ఒక్కోటి 6 క్రెడిట్లు, అంటే పౌండున్నర. రేట్లు మారుతుంటాయి కాబట్టి కొనేముందు ఒకసారి చూసుకోండి. ఈ ప్రైవసీ రూల్ కూడా తెలుసుకోండి: పుట్టుకలు 100 ఏళ్ళు, పెళ్ళిళ్ళు 75 ఏళ్ళు, మరణాలు 50 ఏళ్ళు దాటితేనే ఇమేజ్ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. అంతకంటే కొత్తవి కావాలంటే సర్టిఫికెట్ ఆర్డర్ పెట్టుకోవాలి, లేదా ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ చివర జనరల్ రిజిస్టర్ హౌస్‌లో ఉన్న వాళ్ళ సెంటర్‌కి వెళ్ళి రోజు ఫీజు కట్టి కూర్చోవాలి.

స్కాటిష్ సర్టిఫికెట్లు ఇంగ్లండ్ వాటికంటే ఎంత గొప్పవో చెప్తే గానీ అర్థం కాదు. పెళ్ళి సర్టిఫికెట్‌లో వధూవరుల ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి, తల్లి పుట్టింటి పేరుతో సహా. ఇంగ్లండ్ పెళ్ళి సర్టిఫికెట్‌లో తల్లి పేరు 2021 దాకా లేనే లేదు. మరణ సర్టిఫికెట్‌లో చనిపోయినాయన తండ్రి పేరు, ఆయన చేసిన పని, తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు రాస్తారు. పుట్టుక సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పెళ్ళి ఎప్పుడు ఎక్కడ జరిగిందో కూడా ఉంటుంది (1856 నుంచి 1860 దాకా ఈ ముక్క రాయలేదు, 1861 నుంచి మళ్ళీ మొదలెట్టారు). పుట్టిన టైము కూడా రాస్తారు, గంట నిమిషంతో. జాతకం వేయించాలంటే స్కాట్లండ్‌లో పుట్టినోడికి ఇబ్బందే లేదు.

1855 సంవత్సరం ఒక్కటీ మరీ ప్రత్యేకం. ఆ మొదటి ఏడాది అధికారులు ఉత్సాహంగా బోలెడు వివరాలు అడిగారు, తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు ఎంతమంది పిల్లలు పుట్టారు, ఇలాంటివి. గుమాస్తాలకి చచ్చే చాకిరీ అయిపోయి మరుసటి ఏడాదే చాలా కాలమ్స్ తీసేశారు. కాబట్టి మీ కుటుంబంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిన్ని కొడుకులు ఎవరైనా సరే 1855లో పుట్టినా, పెళ్ళి చేసుకున్నా, పోయినా ముందు ఆ సర్టిఫికెట్ కొనండి, మీకు నేరుగా సంబంధం లేని మనిషిదైనా సరే.

వెనక్కి నడిచే లెక్క

తెలిసిన చోటు నుంచి తెలియని చోటుకి, ఒక్కో అడుగు. తాత పుట్టుక సర్టిఫికెట్ దొరికిందనుకోండి, అందులో అమ్మానాన్నల పెళ్ళి తేదీ ఉంది, ఆ పెళ్ళి సర్టిఫికెట్ తియ్యండి, అందులో ఆ తాతకి తాతలు, అవ్వలు అయ్యే నలుగురి పేర్లొచ్చేస్తాయి, వధూవరుల వయసులు పట్టి వాళ్ళ పుట్టుకలు వెతకండి, మళ్ళీ అదే చక్రం. మూడు సర్టిఫికెట్లతో మూడు తరాలు వెనక్కి పోవచ్చు.

చాలామంది మరణ సర్టిఫికెట్లని పట్టించుకోరు, పోయినాక ఏముంటదిలే అని. కానీ 1855 గీత దాటడానికి వంతెన అదే. ఒకాయన 1862లో 78 ఏళ్ళ వయసులో పోయాడనుకోండి, ఆ కాగితం మీద ఆయన అమ్మానాన్నల పేర్లుంటాయి, అంటే 1784 ప్రాంతంలో పిల్లాణ్ణి కన్న దంపతులు మీ చేతికొచ్చేశారు, ఆ కాలపు చర్చి రిజిస్టర్ కనిపించకపోయినా సరే. మీ నేరు పూర్వీకుడు 1855కి ముందే పోయుంటే ఆయన తమ్ముడో చెల్లెలో ఎవరు ఎక్కువకాలం బతికారో చూసి వాళ్ళ మరణ సర్టిఫికెట్ తియ్యండి, తల్లిదండ్రులు వాళ్ళే కదా.

కాకపోతే ఆ కాగితం మీద చివర్లో సమాచారం ఇచ్చిన మనిషి పేరు, బంధుత్వం ఉంటుంది, అది తప్పకుండా చూడండి. కొడుకు చెప్పింది వేరు, అల్లుడు చెప్పింది వేరు, పక్కింటాయన చెప్పింది వేరు. అల్లుడికి మామగారి అమ్మ పుట్టింటి పేరు ఎంతవరకు తెలుసుద్ది చెప్పండి. అక్కడ రాసింది మిగతా రికార్డులతో కలవకపోతే తల పట్టుకోకుండా ముందు ఎవరు చెప్పారో చూడండి.

సెన్సస్

1841 నుంచి 1921 దాకా పదేళ్ళకోసారి చేసినవి అందుబాటులో ఉన్నాయి. 1841 దాంట్లో తిరకాసుంది: 15 దాటిన వాళ్ళ వయసుని కిందికి దించి ఐదుల లెక్కలో రాశారు, 34 ఏళ్ళాయన 30 అని పడతాడు, పైగా ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు, ఒకే ఇంట్లో ఉన్నారు కదా అని భార్యాభర్తలు అనుకోవద్దు, అన్నాచెల్లెళ్ళు కావచ్చు. 1851 నుంచి బంధుత్వం, పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందకొచ్చే ఊరు, దాని చుట్టుపక్కల ప్రాంతం) రెండూ ఉంటాయి. ఆ పుట్టిన పారిష్ కోసమే సెన్సస్ చూడాలి, పాత చర్చి రిజిస్టర్లలోకి అదే తాళం చెవి. 1881 నుంచి గేలిక్ (ఉత్తర, పడమటి స్కాట్లండ్ పాత భాష) మాట్లాడేవాళ్ళని కూడా గుర్తించారు, ఇంట్లో గేలిక్ ఉందంటే ఇంటిపేరు ఎప్పుడో ఇంగ్లీషులోకి మారి ఉండొచ్చని అప్పుడే అనుమానం పెట్టుకోండి. 1911 దాంట్లో పెళ్ళైన ఆడవాళ్ళు ఎన్నేళ్ళ కాపురం, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్నది చెప్పారు, మీకు దొరికిన పిల్లల లెక్కతో పోల్చుకోండి, ఇద్దరు తక్కువొస్తే చిన్నప్పుడే పోయినవాళ్ళని వెతకాలన్నమాట.

పాత పారిష్ రిజిస్టర్లు

1855కి ముందంతా చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ చర్చిల్లో రాసుకున్న పుస్తకాలే, సుమారు 900 పారిష్‌లవి. అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరోల్ పారిష్‌ది, 1553. అది చూసి మా వాళ్ళది కూడా 1553 దాకా దొరుకుద్దని ఆశ పెట్టుకోకండి, హైలాండ్స్ అనే ఉత్తరపు కొండ ప్రాంతంలో, పడమటి దీవుల్లో చాలాచోట్ల పుస్తకం మొదలయ్యిందే బాగా ఆలస్యంగా.

వీటిలో ఉండేది పుట్టుక కంటే బాప్టిజం, పెళ్ళి కంటే పెళ్ళి ప్రకటన. సమాధుల లెక్క చాలా తక్కువ. డబ్బులు కట్టాలని రాయించుకోని వాళ్ళు బోలెడుమంది, 1783లో అయితే ప్రభుత్వం ఒక్కో ఎంట్రీ మీద మూడు పెన్నీల పన్ను వేసింది, 1794లో ఎత్తేసే దాకా పేదవాళ్ళు చాలామంది రిజిస్టర్ ముఖం చూడలేదు. మీ వాళ్ళ పిల్లల్లో నలుగురు దొరికి మధ్యలో ఇద్దరు ఈ పదకొండేళ్ళలో కనపడకపోతే కారణం అదే కావచ్చు. ఇంకో కారణం, అందరూ ఆ చర్చిలోనే లేరు. 1733లో కొంతమంది విడిపోయారు, 1843లో అయితే మూడోవంతు పాస్టర్లు ఒక్కసారిగా బయటకొచ్చేసి ఫ్రీ చర్చ్ పెట్టారు, కాథలిక్కులు ఎలాగూ వేరే. పారిష్ రిజిస్టర్‌లో లేరంటే ఆ ఊళ్ళో లేరని అర్థం చేసుకోకుండా కాథలిక్ రిజిస్టర్లు, ఇతర చర్చిల రిజిస్టర్లు కూడా వెతకండి, అవీ అదే సైట్‌లో ఉన్నాయి.

ఇంటిపేరు ఎన్ని రకాలుగా మారుద్ది

ఇక అసలు కథ ఇది.

మొదటిది స్పెల్లింగ్. రాబర్ట్ బర్న్స్ తెలుసుగా, వాళ్ళ జాతీయ కవి. ఆయన నాన్న విలియం కింకార్డిన్‌షైర్ నుంచి వచ్చినవాడు, తన పేరు బర్నెస్ అని రాసుకునేవాడు. రాబర్ట్ 1786లో దాన్ని బర్న్స్‌గా కుదించుకున్నాడు. ఆయన వంశం వెతికేవాడు బర్న్స్ అనే పట్టుకుని కూర్చుంటే నాన్న దగ్గరే ఆగిపోతాడు. డేవిడ్ లివింగ్‌స్టన్ కథ ఇంకో మెట్టు పైన. 1813లో బ్లాంటైర్‌లో పుట్టాడు, వాళ్ళ నాన్న నీల్ ఇంటిపేరు చివర ఇంగ్లీషు "e" అక్షరం తీసేసి రాసుకునేవాడు, డేవిడ్ కూడా చాలాకాలం అలాగే రాసి 1850ల్లో మళ్ళీ ఆ అక్షరం కలుపుకున్నాడు. ఇది ఒక తరం మార్పు. వాళ్ళ తాత అయితే పడమటి తీరంలో మల్ దీవి పక్కనున్న ఉల్వా అనే చిన్న దీవి నుంచి బ్లాంటైర్ నూలు మిల్లుకి వలసొచ్చినాయన, ఆ పడమటి తీరంలో లివింగ్‌స్టన్‌లు అంటే గేలిక్‌లో మెక్‌లే అనేవాళ్ళు. అంటే ఒకే ఇంట్లో మెక్‌లే, లివింగ్‌స్టన్, చివర అక్షరం లేని లివింగ్‌స్టన్, మళ్ళీ ఉన్న లివింగ్‌స్టన్.

రెండోది అనువాదం. గేలిక్ పేరుని ఇంగ్లీషు గుమాస్తా ఎలా రాయాలో తెలీక అర్థం చూసి మార్చేసేవాడు, లేదా పట్నం వెళ్ళినవాళ్ళు వాళ్ళే మార్చుకునేవాళ్ళు. మెకింటయర్ అంటే వడ్రంగి కొడుకు, అందుకని గ్లాస్గో వచ్చాక కొందరు రైట్ అయిపోయారు. మెక్‌గోవన్ అంటే కమ్మరి కొడుకు, స్మిత్ అయిపోయాడు. మెకియన్ జాన్సన్ అయ్యాడు. నలుపు అన్న అర్థం ఉన్నవాళ్ళు బ్లాక్ అయ్యారు. అన్నదమ్ములిద్దరిలో ఒకడు మెక్‌తో ఉండిపోయి ఇంకొకడు స్మిత్ అయిన కేసులు ఉంటాయి, అందుకే అన్నదమ్ములందర్నీ వెతకండి అనేది.

మూడోది చట్టం. 1603లో గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర కొట్లాట జరిగాక ఆరో జేమ్స్ రాజు మెక్‌గ్రెగర్ అనే పేరునే నిషేధించాడు, ఆ పేరు పెట్టుకుంటే ప్రాణం పోయేంత శిక్ష. 1661లో ఎత్తేశారు, 1693లో మళ్ళీ పెట్టారు, పూర్తిగా పోయింది 1774లో. ఈ మధ్యలో వాళ్ళు డ్రమండ్, గ్రాంట్, స్టూవర్ట్, గ్రేమ్, క్యాంప్‌బెల్, ఏది దొరికితే అది పెట్టుకున్నారు. రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ అంతటివాడే వాళ్ళమ్మ పుట్టింటి పేరు క్యాంప్‌బెల్‌తో తిరిగాడు. 1774 తర్వాత కొందరు పాత పేరుకి వచ్చారు, కొందరు అలవాటైపోయి రాలేదు. అలాగని ప్రతి డ్రమండూ మెక్‌గ్రెగర్ అనుకోకండి, పెర్త్‌షైర్ అటు సైడు ఊళ్ళైతేనే ఆ అనుమానానికి విలువ.

నాలుగోది అసలు ఇంటిపేరే లేకపోవడం. షెట్‌లండ్ దీవులు 1469 దాకా డెన్మార్క్ రాజు కింద ఉండేవి, ఆ పద్ధతి తర్వాత కూడా పోలేదు: తండ్రి పేరు మాగ్నస్ అయితే కొడుకు ఇంటిపేరు మాగ్నస్సన్, కూతురిది మాగ్నస్‌డాటర్, ఆ కొడుకు పేరు ఆండ్రూ అయితే వాడి పిల్లలు ఆండర్సన్. 19వ శతాబ్దంలోకి వచ్చినా కొన్ని కుటుంబాల్లో ఇదే నడిచింది. హైలాండ్స్‌లోనూ 18వ శతాబ్దం దాకా ఇలాంటిదే, పాత కాగితాల్లో ఒకాయన పేరు, మెక్ ఫలానా, ఆ తర్వాత విక్ ఫలానా అని ఉంటుంది. విక్ అంటే తాత పేరు చెప్తున్నారన్నమాట, మూడు తరాలు ఒక్క లైన్లో. చాలామంది అది ఏదో స్పెల్లింగ్ తప్పు అనుకుని వదిలేస్తారు, అది లాటరీ అని తెలీదు. ఆడవాళ్ళకి మెక్ బదులు నిక్ ఉంటుంది.

ఐదోది, ఈశాన్య తీరంలో జాలరి ఊళ్ళు. ఫిన్డోక్టీ లాంటి ఊళ్ళో ఊరంతా ఫ్లెట్, స్మిత్, సదర్లండ్ ఈ మూడు ఇంటిపేర్లే, ముందు పేర్లు కూడా ఓ పది. ఎవరెవరో తెలియక టీ నేమ్ అని ఒక ముద్దుపేరు తగిలించేవాళ్ళు, సర్టిఫికెట్ల మీద కూడా ఇంటిపేరు పక్కన అదే రాస్తారు. ఒకే టీ నేమ్ తండ్రి నుంచి కొడుక్కి వచ్చుద్ది, కాబట్టి అక్కడ ఇంటిపేరు కంటే ముద్దుపేరే నమ్మకమైన ఆధారం.

ఇక జెడ్ అక్షరం గొడవ. పాత స్కాట్స్ భాషలో య, గ మధ్యలో పలికే యోగ్ అనే అక్షరం ఉండేది, ప్రెస్సులొచ్చాక ఆ అచ్చు లేక జెడ్ వాడేశారు. అందుకే మెంజీస్ అని రాసి మింగిస్ అని పలుకుతారు (బ్రిటన్‌లో లిబరల్ డెమొక్రాట్ పార్టీకి ఒకప్పటి నాయకుడు మెంజీస్ క్యాంప్‌బెల్‌ని అందరూ మింగ్ అని పిలిచింది ఇందుకే), డాల్జీల్ అని రాసి డీయెల్ అంటారు. మన ఊళ్ళ చరిత్రల్ని కైఫియత్తులుగా సేకరించిన కాలిన్ మెకంజీ పేరులో జెడ్ కూడా అదే, ఒకప్పుడు ఆ పేరు మెకింగి అనే పలికేవాళ్ళు. ఇండెక్స్‌లో వెతికేటప్పుడు పలికినట్టు ఒకసారి, రాసినట్టు ఒకసారి కొట్టాలి.

సెర్చ్‌లో చెయ్యాల్సింది: మెక్ ని ఎం సీ అని, ఎం ఏ సీ అని వేర్వేరుగా ఇండెక్స్ చేస్తారు, కాబట్టి మధ్యలో స్టార్ గుర్తు పెట్టి రెండూ పట్టండి. మెక్ పూర్తిగా తీసేసి కూడా ఒకసారి చూడండి. అచ్చుల బదులు స్టార్ పెట్టండి. ఒక్కోసారి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పారిష్, ముందు పేరు, ఏడాది మాత్రం పెట్టి లిస్టు మొత్తం కళ్ళతో చూస్తేనే మనిషి బయటపడతాడు, చిన్న పారిష్ అయితే ఇదే బెస్టు.

ఆడవాళ్ళ సంగతి మాత్రం మనకి వరం. స్కాట్లండ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళు చట్టం దృష్టిలో పుట్టింటి పేరు పోగొట్టుకోలేదు. సమాధి రాయి మీద ఫలానా ఆయన, పక్కన ఆయన భార్య పుట్టింటి పేరుతోనే. మరణాల ఇండెక్స్‌లో ఆమె రెండు పేర్ల కిందా ఉంటుంది. రెండు ఇంటిపేర్ల మధ్య "లేదా" అని ఉంటే కంగారుపడొద్దు, అది ఒకే మనిషి, ఒకటి పుట్టింటిది ఇంకోటి అత్తింటిది. విధవరాలైతే మళ్ళీ పుట్టింటి పేరుకి మారిపోయి సెన్సస్‌లో కనపడకుండా పోవడం మామూలే.

తాత పేరు పెట్టడం వాళ్ళకీ ఉంది

మనకి తాత పేరు మనవడికి పెట్టడం తెలుసు కాబట్టి ఇది చెప్పగానే ఎక్కేస్తుంది. అక్కడి ఆనవాయితీ: పెద్దకొడుక్కి నాన్న నాన్న పేరు, రెండోవాడికి అమ్మ నాన్న పేరు, మూడోవాడికి నాన్న పేరు; పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు, మూడోదానికి అమ్మ పేరు.

బర్న్స్ ఇంట్లోనే చూడండి. పెద్దవాడు రాబర్ట్, నాన్న వైపు తాత రాబర్ట్. రెండోవాడు గిల్బర్ట్, అమ్మ ఆగ్నెస్ బ్రౌన్ వాళ్ళ నాన్న గిల్బర్ట్ బ్రౌన్. మూడోవాడు విలియం, నాన్న పేరు. అచ్చు గుద్దినట్టు కుదిరింది. పెద్దకూతురు ఆగ్నెస్, అమ్మమ్మ కూడా ఆగ్నెస్సే, ఇదీ కుదిరింది. కానీ నాయనమ్మ ఇసబెల్లా పేరు రెండోదానికి రావాల్సింది, రెండోది అనబెల్లా అయ్యింది, ఇసబెల్లా ఆఖరికి వచ్చింది. అంటే ఈ ఆనవాయితీని ఎలా వెతకాలో దారి చూపించే దానిగా వాడుకోండి, రుజువుగా వాడకండి. ఒక ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు ఉంటే మొదటి బిడ్డ పోయాక మళ్ళీ పెట్టారని అనుకుంటాం, చాలావరకు అంతే, కానీ తాతలిద్దరి పేరూ జేమ్సే అయితే ఇద్దరు జేమ్స్‌లూ బతికే ఉండొచ్చు.

తండ్రి పేరు లేనప్పుడు

19వ శతాబ్దం స్కాట్లండ్‌లో, ముఖ్యంగా బాన్ఫ్‌షైర్ లాంటి ఈశాన్య జిల్లాల్లో పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లలు చాలా మామూలు. సర్టిఫికెట్‌లో తండ్రి గడి ఖాళీగా ఉంటుంది. అలాంటి పిల్లాడు పుట్టినప్పుడు అమ్మ ఇంటిపేరు, సెన్సస్‌లో మారుతండ్రి ఇంటిపేరు, పెళ్ళి నాటికి కన్నతండ్రి ఇంటిపేరు వాడిన సందర్భాలుంటాయి, మూడూ ఒకడే. ఇంకా అమ్మానాన్నా తర్వాత పెళ్ళి చేసుకుంటే స్కాట్లండ్ చట్టంలో బిడ్డ సక్రమ సంతానమైపోతాడు, ఇంగ్లండ్‌లో ఇది 1926 దాకా లేదు, ఇంటిపేరు మారడానికి ఇదో కారణం.

ఏం చెయ్యాలి? ముందు పుట్టుక ఎంట్రీ పక్కన మార్జిన్ చూడండి, రిజిస్టర్ ఆఫ్ కరెక్టెడ్ ఎంట్రీస్ (సవరణల రిజిస్టర్) అని రిఫరెన్స్ ఉంటే తల్లి కోర్టుకెళ్ళి తండ్రి ఎవరో తేల్పించి ఉండొచ్చు. లేకపోతే కిర్క్ సెషన్ పుస్తకాలు. కిర్క్ సెషన్ అంటే చర్చి పెద్దల కమిటీ, పెళ్ళి కాకుండా కడుపొస్తే పిలిపించి ఎవరు కారణమో చెప్పేదాకా వదిలేవాళ్ళు కాదు, మొత్తం రాసిపెట్టేవాళ్ళు. బర్న్స్, జీన్ ఆర్మర్ 1786లో మాక్లిన్ చర్చి పెద్దల ముందు ఈ పంచాయితీ ఎదుర్కొన్నవాళ్ళే, 1788లో వాళ్ళ పెళ్ళిని ఒప్పుకున్నదీ ఆ సెషనే. ఈ పుస్తకాలు చాలావరకు స్కాన్ అయ్యి స్కాట్లండ్స్ పీపుల్‌లో ఉన్నాయి, కానీ పేర్ల ఇండెక్స్ లేదు, పేజీ పేజీ తిప్పాలి, చేతిరాత నరకం, అయినా బిడ్డ పుట్టిన నెల పట్టుకుని అటూ ఇటూ ఓ ఏడాది తిప్పితే పని జరుగుతుంది.

పెళ్ళి రికార్డే దొరకట్లేదంటే ఇంకో కారణం, ఇద్దరు సాక్షుల ముందు మేం భార్యాభర్తలం అని చెప్పుకుంటే చాలు, 1940 దాకా స్కాట్లండ్‌లో అది చెల్లే పెళ్ళే. గ్రెట్నా గ్రీన్‌కి ఇంగ్లీషు జంటలు పరిగెత్తింది ఇందుకే.

పేదవాళ్ళ కుటుంబమైతే, అందులోనూ గ్లాస్గో అయితే, మిచెల్ లైబ్రరీలో ఉన్న సిటీ ఆర్కైవ్స్‌ని మర్చిపోవద్దు. 1851 నుంచి సాయం అడిగిన పేదల అప్లికేషన్లు అక్కడున్నాయి. ఇన్స్పెక్టర్ ఇంటికొచ్చి అడిగి రాసుకున్న షీట్: పుట్టిన ఊరు, గత ఇళ్ళ అడ్రస్‌లు, పిల్లల పేర్లు వయసులు, భార్య తల్లిదండ్రులు, భర్త ఎప్పుడు వదిలేసి పోయాడు, జబ్బేంటి, అన్నీ. ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళకి అక్కడి ఊరి పేరు దొరికేది చాలాసార్లు ఈ ఒక్క కాగితంలోనే.

ఆస్తి కాగితాలు

క్లుప్తంగా. వీలునామాలు 16వ శతాబ్దం నుంచీ ఉన్నాయి, మనవాళ్ళు పేదవాళ్ళే అయినా పేరు కొట్టి చూడండి, దుకాణం నడిపినవాళ్ళవి, రైతులవి కూడా దొరుకుతాయి. 1868 దాకా వీలునామాలో భూమి ఉండదు, చరాస్తి మాత్రమే, భూమి పెద్దకొడుక్కి వెళ్ళిపోద్ది, కాబట్టి పెద్దకొడుకు పేరు వీలునామాలో లేదని కొడుకు కాదనుకోకండి. భూమి చేతులు మారిన లెక్క 1617 నుంచి సేసిన్స్ రిజిస్టర్‌లో ఉంది. 1855 నుంచి వాల్యుయేషన్ రోల్స్ (ఇళ్ళకీ భూములకీ విలువ కట్టిన లిస్టులు) ఉన్నాయి, అద్దెకున్నవాళ్ళ పేర్లతో సహా, రెండు సెన్సస్‌ల మధ్య ఇల్లు మారారా లేదా తెలుసుకోడానికి. ఊరి పేరు పాతదై మ్యాప్‌లో లేకపోతే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో పాత సర్వే మ్యాపులు ఫ్రీ, పొలం పేరు కూడా కనిపిస్తుంది.

ఇండియా కొస నుంచి మొదలుపెట్టేవాళ్ళకి

మద్రాస్ ప్రెసిడెన్సీలో స్కాట్‌లు ఎంతమంది ఉండేవాళ్ళంటే వాళ్ళకోసం ఎగ్మోర్‌లో సెయింట్ ఆండ్రూస్ కిర్క్ అని ప్రత్యేకంగా చర్చి కట్టుకున్నారు, 1821లో తెరిచారు. సీడెడ్ జిల్లాల కలెక్టర్‌గా పేరు తెచ్చుకుని పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో గ్లాస్గో మనిషి, కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవే మనిషి.

మీ తాతముత్తాతల్లో ఒకరు ఇలా వచ్చిన సైనికుడో రైల్వే ఉద్యోగో అయితే, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాస్ బాప్టిజం, పెళ్ళి, సమాధి రిజిస్టర్లు ఎన్ 2 అనే సిరీస్‌లో ఉంటాయి, బెంగాల్‌ది ఎన్ 1, బొంబాయిది ఎన్ 3. ఇంట్లో కూర్చుని చూడాలంటే ఫైండ్‌మైపాస్ట్‌లో ఉన్నాయి, డబ్బు కట్టాలి. ఫిబిస్ అని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ ఒకటుంది, వాళ్ళ డేటాబేస్ ఫ్రీ, ముందు అక్కడే కొట్టండి. కంపెనీ సైన్యంలో ఆఫీసరుగా చేరిన కుర్రాళ్ళు వయసు రుజువు కోసం స్కాట్లండ్ పారిష్ నుంచి బాప్టిజం సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చేవాళ్ళు, క్యాడెట్ పేపర్లలో అది అలాగే ఉంటుంది, అంటే సముద్రం దాటి నేరుగా ఊరికి దారి. మామూలు సిపాయికి ఇంత సుఖం లేదు, రెజిమెంట్ పేరు పట్టుకుని వెళ్ళాల్సిందే.

బాధ కలిగించే విషయం, ఇక్కడి ఆడమనిషికి పుట్టిన పిల్లల బాప్టిజం ఎంట్రీల్లో తండ్రి పేరు నీటుగా ఉండి తల్లి పేరు గడి చాలాసార్లు ఖాళీ. ఆ వైపు వంశం కాగితాల మీద దొరకదు, డీఎన్ఏ మీదే ఆశ.

డీఎన్ఏ, క్లాన్, గళ్ళ గుడ్డ

వై డీఎన్ఏ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఇంటిపేరు లాగే, అందుకే ఇంటిపేరు ఎక్కడ తెగిందో అది చెప్తుంది. మీ ఇంటిపేరు బ్లాక్ అయ్యుండి మీ వై డీఎన్ఏ వరసపెట్టి మెక్‌గ్రెగర్లతో కలుస్తుందంటే ఆలోచించాల్సిందే. ఇంట్లో మగ వరస తెగిపోతే ఆటోసోమల్ టెస్ట్ (అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చిన డీఎన్ఏ చూసేది) చాలు, నాలుగైదు తరాల దాకా బంధువులు పడతారు, అంతకంటే వెనక్కి నమ్మకం తగ్గిపోద్ది.

క్లాన్ నాయకుడి ఇంటిపేరు మీకుంటే మీరు ఆయన వంశం అని కాదు. ఆయన భూమిలో కౌలుకున్నవాళ్ళు, రక్షణ కోసం చేరినవాళ్ళు కూడా అదే పేరు పెట్టుకున్నారు. అలాగే కుటుంబ చిహ్నం అని కప్పుల మీద అచ్చేసి అమ్మేవి, స్కాట్లండ్‌లో కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఒక మనిషిది, ఇంటిపేరుది కాదు, దాన్ని చూసుకోడానికి లార్డ్ లయన్ కోర్టు అని నిజంగానే ఒక కోర్టుంది. కప్పు నచ్చితే కొనుక్కోండి, వంశవృక్షంలో మాత్రం అంటించకండి.

వెతికినవి రాసుకునేటప్పుడు దొరికినవాటితో పాటు దొరకనివి కూడా రాయండి: ఏ పారిష్, ఏ ఏళ్ళ మధ్య, ఏ స్పెల్లింగ్‌లతో వెతికారు, ఏం రాలేదు. లేకపోతే ఆరు నెలల తర్వాత అదే పేజీకి మళ్ళీ క్రెడిట్లు తగలేస్తారు. కొన్న ఇమేజ్ ఆ సైట్‌లో మీ అకౌంట్‌లో సేవ్ అయ్యి ఉంటుంది గానీ, వెంటనే డౌన్‌లోడ్ చేసుకుని ఏడాది, పారిష్, పేరు వరసలో ఫైల్ పేరు పెట్టేసుకోండి.